రెక్క లేచే గాలిపంకా బొంత: 48 గళ్ళు, 192 రెక్కలు, అనంతపురంలో ఒక ఆర్డరు

ముందు కొలతలు చెప్పేస్తా, కుట్టేవాళ్ళు ముందు వెతికేది అవే కదా. బొంత పూర్తయ్యాక సైజు 42 ఇంటూ 54 అంగుళాలు. అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం 48 గళ్ళు. ఒక్కో గడి కుట్టు పోను 6 అంగుళాలు, చుట్టూ 3 అంగుళాల అంచు. గడికి నాలుగు చదరాలు, చదరానికి ఒక రెక్క, అంటే రెక్కలు 192. రెక్కలన్నీ గుడ్డ మడిచి చేసినవే, రెండు పక్కలు కుట్టులో ఉంటాయి, మూడో పక్క వదిలేసి ఉంటుంది, దాని కింద వేలు దూరుతుంది, గాలి తగిలితే లేస్తుంది. మొత్తం ఏడు వారాలు పట్టింది, అందులో మొదటి రెండు వారాల పని అంతా పక్కన పెట్టేసినా. ఎక్కువ రాయాల్సింది ఆ రెండు వారాల గురించే.

అనంతపురం పాతూర్లో మా ఇంటి ముందు గదిలోనే నా మిషన్. బ్లౌజులు, ఫాల్, పీకో రోజువారీ పని. బొంతలు ఇష్టం కొద్దీ మొదలుపెట్టినా, ఇప్పుడు ఏడాదికి నాలుగైదు ఆర్డర్లు వస్తున్నాయి. ఈ ఆర్డరు ఇచ్చిన పెద్దమ్మది ధర్మవరం వైపు ఊరు. మనవరాలికి రెండు నెలల్లో మొదటి పుట్టినరోజు. ఆ పాప తల్లి చిన్నప్పుడు బస్సులో పోయేటప్పుడల్లా రామగిరి కొండల మీద గాలిమరలు లెక్కపెట్టేదంట, లెక్క తప్పితే మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టేదంట. అది మనసులో పెట్టుకుని వచ్చింది ఆమె. "బొంత అంటే అందురూ కుడతారు మా. దీని మీద గాలిమరలు ఉండల్ల, పాప పట్టుకుంటే రెక్క చేతికి రావల్ల" అనింది. ఆ గాలిమరలకు మూడు రెక్కలే పెద్దమ్మా, గుడ్డలో అయితే నాలుగు వస్తాయి, పిల్లోళ్ళు కాగితంతో చేసుకునే పంకా మాదిరి అని చెప్పినా. "నాలుగైతే ఇంకా మేలు కదా" అనేసి సంచిలోంచి రెండు పాత నూలు చీరలు తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ళమ్మ కట్టినవి, ఉతికి ఉతికి వెన్న మాదిరి అయిపోయినాయి. లోపలి పొరలకు అవే వెయ్యాలని ఆమె కోరిక.

మన బొంతలో మడత పని ఉండదు, పాత చీరలు పొరలుగా పరిచి చేత్తో కుట్లు వేసుకుంటూ పోవడమే. పక్కన కన్నడం వైపు కౌది అన్నా దాదాపు ఇదే. కానీ ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంది అని ఒకటి ఉంది. దానికి నాలుగు మూలల్లో గుడ్డను మడిచి మడిచి త్రికోణంగా కుట్టి పెడతారు, దాన్ని పువ్వు అంటారు, ఆ పువ్వులు లేకపోతే కవంది పూర్తయినట్టు లెక్క లేదు వాళ్ళకు. మడత కూడా ఒక ముక్కే, దాన్ని అణగదొక్కకుండా వదిలేస్తే దానికి ప్రాణం ఉంటుంది అని నాకు మొదట అర్థమైంది వాటి ఫొటోలు చూసినప్పుడే.

గాలిపంకా రెక్కను గుడ్డతో నిలబెట్టడానికి నేను రెండు పద్ధతులు చేసి చూసినా. ఒకటి, చదరం ముక్కను మూల మూలకు రెండుసార్లు మడవడం. అప్పుడు చిన్న త్రికోణం వస్తుంది, కత్తిరించిన అంచులన్నీ పొడవు పక్కన చేరతాయి, ఆ పక్కను రెండు చదరాల మధ్య కుట్టులో దూర్చి కుట్టేయడం. అమెరికా వాళ్ళు ప్రెయిరీ పాయింట్ అనేది ఈ మడతనే. చూడ్డానికి బ్రహ్మాండంగా నిలబడుతుంది, కానీ ఆ కుట్టులో రెక్కవే నాలుగు పొరలు, చదరాలవి రెండు, మొత్తం ఆరు. గడి మధ్యలో నాలుగు వైపుల నుంచీ ఈ మందం వచ్చి కలిస్తే గోలీ మాదిరి గడ్డ కడుతుంది, పసిపిల్ల పడుకునే బొంతకు అది పనికిరాదు.

రెండోది ఒకేసారి మూల మూలకు మడిచి, ఆ త్రికోణాన్ని కింది చదరం మీద పెట్టి, రెండు పక్కల అంచులు కలిపి కుట్టడం. మడత అంచు చదరానికి అడ్డంగా మూల నుంచి మూలకు పోతుంది, దాన్ని కుట్టం, వదిలేస్తాం. కుట్టులో రెక్కవి రెండు పొరలు, కింది చదరం ఒకటి, పక్క చదరం ఒకటి, నాలుగే. ఇంకో లాభం కూడా ఉంది. మామూలు పంకా గడిలో రెండు త్రికోణాలను క్రాస్ మీద, అంటే పోగులకు ఏటవాలుగా, కుట్టాలి, క్రాస్ అంచు చెయ్యి తగిలితే సాగుతుంది, చదరం వంకరపోతుంది. ఇక్కడ క్రాస్ వచ్చేది మడతలో మాత్రమే, దాని మీద మిషన్ పోదు కాబట్టి చదరం చదరంగానే ఉంటుంది. ఆ సాగే గుణం కూడా తర్వాత మనకు పనికొస్తుంది, చెప్తా. ఈ రెండో పద్ధతే ఖాయం చేసుకున్నా.

ఇప్పుడు వృథా అయిపోయిన ఆ మొదటి రెండు వారాల సంగతి. 18 గళ్ళు కుట్టేసినాక కానీ నిలబడి చూసుకోలేదు, మూడు తప్పులు ఒకేసారి బయటపడినాయి.

మొదటిది గుడ్డ. రాయదుర్గం వైపు నుంచి వచ్చే కట్ పీసులు మంచి రంగుల్లో చవగ్గా దొరికినాయి, చేత్తో పట్టుకుంటే నూలే అనిపించింది. కుట్టినాక మడత నిలవలేదు. ఇస్త్రీ చేసిన గంటకు రెక్కలన్నీ అన్నం మెతుకు ఉబ్బినట్టు ఉబ్బి గుండ్రంగా అయిపోయినాయి, వేడి పెంచితే మడత మీద మెరుపు వచ్చింది. అప్పుడు రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసినా. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది, ఇది కరిగి చివర గట్టి పూస కట్టింది, పాలిస్టర్ కలిసింది. ఈ పరీక్ష కొనేముందు చెయ్యాల్సింది, ఇప్పుడు ఎవరు ముక్క తెచ్చిచ్చినా ముందు పోగు కాలుస్తా.

రెండోది సైజు. చదరం 3½ అంగుళాలకు కోసినా, పావు అంగుళం కుట్టు పోతే 3 అంగుళాలు మిగలాలి, నాలుగు కలిస్తే చుట్టూ మార్జిన్‌తో, అంటే కుట్టుకు వదిలే గుడ్డతో, గడి 6½ రావాలి. నాకు వచ్చింది 6¼, కొన్ని 6⅜. మిషన్ పాదం అంచును గుడ్డ అంచుకు ఆనించి కుట్టుకుంటూ పోవడం బ్లౌజుల్లో అలవాటు, అదే పావు అంగుళం అనుకుంటాం. టేప్ పెట్టి కొలిస్తే సూది నుంచి పాదం అంచుకు మూడు సూతులు ఉంది. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పావు అంటే రెండు సూతులే. ప్రతి కుట్టుకూ ఒక్కో ముక్కలో ఒక సూతు ఎక్కువ పోయింది, గడికి పావు అంగుళం తగ్గింది. బ్లౌజులో ఒక సూతు అటు ఇటు అయితే మళ్ళీ ఊడదీసి సర్దుకోవచ్చు, ఇక్కడ ఆరు గళ్ళు వరసగా కలిపితే అంగుళంన్నర తేడా, పైగా అన్నీ ఒకేలా తగ్గలేదు కాబట్టి మూలలు ఎక్కడా కలవవు.

మూడోది సన్నది, కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. రెక్క ముక్కను కూడా కింది చదరం సైజుకే, 3½ కే కోసినా. గుడ్డ మడిచినప్పుడు మడత దగ్గర గుడ్డ మందం కొంత తినేస్తుంది, అందుకే త్రికోణం అంచు సరిగ్గా మూల నుంచి మూలకు చేరకుండా పోగు రెండు పోగులు వెనక ఆగిపోయింది. ఒక్క రెక్కలో కనపడదు. నాలుగు రెక్కల కొనలు మధ్యలో కలిసే చోట మాత్రం బియ్యపు గింజంత సందు, అందులోంచి కింది గుడ్డ కనపడుతుంది. పంకాకు ప్రాణం ఆ మధ్య చుక్క, అది విడిపోతే నాలుగు త్రికోణాలు పక్కపక్కన పడున్నట్టు ఉంటుంది అంతే, తిరుగుతున్నట్టు ఉండదు.

అందుకని మళ్ళీ మొదట్నుంచి. కింది చదరాలకు మీగడ రంగు నూలు పాప్లిన్ రెండు మీటర్లు, రెక్కలకు పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, నీలం ఒక్కొక్కటి అర మీటరు, అంచుకూ వెనక గుడ్డకూ విడిగా తీసుకున్నా. రంగుకు 48 రెక్కలు కావాలి, 44 అంగుళాల పన్నాలో వరసకు 11 వస్తాయి, ఐదు వరసలు కోస్తే 18 అంగుళాల పైన పోతుంది, తడిపినాక గుడ్డ కుంచించుకుంటుంది, అర మీటరు అంచుకు అంచు సరిపోయింది, ఒక్క వరస పాడైనా మళ్ళీ బజారుకు పోవాల్సిందే. మీరు ముప్పావు మీటరు తీసుకోండి.

గుడ్డలన్నీ విడివిడిగా నానబెట్టి, తెల్ల బట్ట ముక్క తడిపి ఒక్కోదాన్నీ రుద్ది చూసినా. ఎరుపు దిగింది. నీళ్ళు తేటగా వచ్చేదాకా నాలుగుసార్లు నీళ్ళు మార్చినా. తర్వాత పల్చటి గంజి పెట్టి నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేసినా. గంజి పెట్టిన గుడ్డ కాగితం మాదిరి మడత పడుతుంది, క్రాస్ దగ్గర కూడా సాగదు, 192 మడతలు పెట్టేటప్పుడు చేతికి ఎంత సుఖమో చేసినోళ్ళకే తెలుస్తుంది. కాకపోతే గంజి గుడ్డ అట్లే మూట కట్టి పెట్టేస్తే పురుగు పడుతుంది, పని అయిపోయినాక ఉతికి గంజి పోగొట్టాలి.

కోయడానికి పోగు లాగి ఆ గీత మీదే కత్తిరించినా, పడుగు పేక నిటారుగా ఉండకపోతే మడత క్రాస్ సరిగ్గా రాదు. కింది చదరాలు 3½, రెక్క చదరాలు 3⅝, అంటే ఒక సూతు ఎక్కువ. రెక్కను మడిచి గట్టిగా ఇస్త్రీ చేసి, మడత అంచును కింది చదరం మూల మీది నుంచి ఎదురు మూల మీదికి సరిగ్గా పోయేట్టు పెట్టి, మిగతా రెండు పక్కలా బయటికి వచ్చినంత కత్తిరించేయడం. ఆ ఒక్క సూతుతో మధ్యలో సందు మూసుకుపోయింది. తర్వాత అంచు నుంచి ఒక సూతు దూరంలో పెద్ద కుట్టుతో రెక్కను చదరానికి పట్టించేసినా, అది మార్జిన్ లోపలే ఉంటుంది కాబట్టి ఊడదీయాల్సిన పని లేదు.

మిషన్ ప్లేటు మీద సూదికి రెండు సూతుల దూరంలో టేపు మూడు పొరలు అతికించినా, గట్టు మాదిరి, గుడ్డ దానికి ఆని పోతుంది. సరిగ్గా ఉందా లేదా చూసుకోడానికి 1½ అంగుళం పట్టీలు మూడు కలిపి కుట్టి మధ్య పట్టీ కొలవండి, సరిగ్గా అంగుళం రావాలి. నాకు మొదటిసారి పోగంత తక్కువ వచ్చింది, గట్టును వెంట్రుక మందం లోపలికి జరిపితే కుదిరింది. కుట్టు తిప్పి ఇస్త్రీ చేసినప్పుడు ఆ తిప్పిన చోట కూడా గుడ్డ కొంచెం పోతుంది మరి.

ఇక రెక్కల దిశ. అన్ని చదరాలూ ఒకేలాంటివే, తిప్పి పెట్టడంలోనే ఉంది అంతా. ఎడమ పై చదరంలో మడత బయటి మూల నుంచి మధ్యకు వస్తుంది, రెక్క కుడి పై మూలలో ఉంటుంది. మిగతా మూడింటినీ గడియారం ముల్లు తిరిగినట్టు పావు చుట్టు చొప్పున తిప్పుకుంటూ పెట్టాలి. ఒకదాన్ని పొరపాటున అర చుట్టు తిప్పి పెట్టినామనుకోండి, మడత మధ్యకే వస్తుంది కాబట్టి కంటికి చిక్కదు, కానీ రెండు రెక్కలు పక్కపక్కన చేరి ఒకే పెద్ద త్రికోణం అయిపోతుంది. దీన్ని కన్ను కంటే వేలు ముందు పట్టుకుంటుంది. సరైన గడిలో ప్రతి లోపలి కుట్టుకూ నాలుగు పొరలే, తప్పు పడితే ఒక కుట్టులో ఆరు, ఇంకో కుట్టులో రెండు. కుట్టేముందు రెండు ముక్కలూ బొటనవేలుతో నొక్కి చూసుకునే అలవాటు చేసుకున్నా. రెండు రెండు ముక్కలు దారం తెంచకుండా పూలమాల మాదిరి వరసగా కుట్టుకుంటూ పోతే దారం మిగులుతుంది, టైమూ మిగులుతుంది.

జంటలు కుట్టినాక మార్జిన్‌ను రెక్క లేని వైపుకు పడేసి ఇస్త్రీ చెయ్యాలి, అప్పుడు రెక్క మొదలు ఎత్తుగా లేవకుండా చదునుగా కూర్చుంటుంది. పై జంట మార్జిన్ ఒక వైపు, కింది జంట మార్జిన్ ఎదురు వైపు పడుతుంది కాబట్టి రెండూ కలిపినప్పుడు మధ్యలో ఒకదాంట్లో ఒకటి చక్కగా కూర్చుంటాయి. పొడవు కుట్టు వేసేటప్పుడు రెక్క కొన లోపలికి దూరకుండా పిన్ను పెట్టండి, మధ్యకు వచ్చేసరికి కాలు ఆపి చక్రం చేత్తో తిప్పండి, 16 నంబరు సూది. తర్వాత వెనక్కి తిప్పి, మార్జిన్‌లో అడ్డంగా ఉన్న రెండు మూడు కుట్లు ఊడదీస్తే నాలుగు మార్జిన్లూ ఒకే వైపు చుట్టూ తిరిగి పడుకుంటాయి. వెనక వైపు గోరంత చిన్న పంకా వస్తుంది. మొదటి 18 గళ్ళలో నేను ఇది చెయ్యలేదు, చేసినాక ఆ మధ్య మందం సగానికి దిగినట్టు అనిపించింది. గడిని 6½ కు కొలిచి చూస్తే 48 లో 45 సరిగ్గా వచ్చినాయి, మూడు ఊడదీసి మళ్ళీ కుట్టినా.

గళ్ళు కలిపేటప్పుడు ఒక సంగతి తెలిసింది, నాకు ముందు తట్టనే లేదు. గడి పై అంచులో ఎడమ సగం రెక్క ఉంటుంది, కింది అంచులో కుడి సగం. ఒకదాని కింద ఒకటి పెడితే మందం సగం సగం పంచుకుంటుంది, ఎక్కడా నాలుగు పొరలు దాటదు. అంతకంటే ముచ్చట ఏందంటే నాలుగు గళ్ళు కలిసే మూలలో నాలుగు రెక్కల బయటి కొనలు కలిసి అక్కడ ఇంకో పంకా పుడుతుంది, అది ఎదురు వైపు తిరుగుతుంది. 48 నేను కుట్టినవి, లోపలి మూలల్లో 35 వాటంతట అవే వచ్చినవి. రంగులు కూడా ఒక వరస పసుపు ఆకుపచ్చ, దాని కింది వరస ఎరుపు నీలం, అట్లే మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటూ పోతే ప్రతి మూలలో నాలుగు రంగులూ కలుస్తాయి, అంటే నేను కుట్టినవి ఒకే రంగు పంకాలు, వాటంతట వచ్చినవి నాలుగు రంగుల పంకాలు. నేల మీద పరిచి చూసినరోజు రాత్రి చాలాసేపు అట్లే చూస్తా కూర్చున్నా.

లోపలికి ఒక చీరను మూడు పొరలు చేసి వేసినా, ఒక చీర పొడవులో 58 అంగుళాలవి మూడు సులభంగా వస్తాయి, పన్నా కూడా సరిపోయింది. రెండో చీర మంచి భాగం వెనక గుడ్డ కిందికి ఇంకో పొరగా పోయింది. బొంత కుట్టు మాత్రం మిషన్ మీద కుదరదు, రెక్కల మీది నుంచి మిషన్ పోతే రెక్క చచ్చిపోతుంది, ఇంత పనీ దేనికి చేసినామో అదే పోతుంది. కచ్చాకుట్టుతో పొరలన్నీ పట్టించి, తర్వాత చేత్తో గడుల కుట్టు గాడి వెంట ఒక వరస, ప్రతి రెక్కనూ ఎత్తి దాని కింద దాక్కునేట్టు ఒక వరస. మూడు అంగుళాలకు మించి ఖాళీ వదిల్తే పాత చీర పొరలు ఉతికినప్పుడు జారి ముద్ద కడతాయి. దీనికే మూడు వారాలు పట్టింది, కూలి చెప్పేటప్పుడు ఈ రోజులు లెక్కలో మర్చిపోకండి.

పెద్దమ్మ మధ్యలో ఒకసారి వచ్చి చూసి కొన్నిటిని పూరేకు మాదిరి చెయ్యమనింది. మడత అంచు మధ్య భాగాన్ని వెనక్కి రెక్క మీదికి దొర్లించి రెండు కుట్లు వేస్తే వంపు తిరుగుతుంది. ముందు చెప్పిన క్రాస్ సాగే గుణం ఇక్కడ పనికొచ్చింది, నిటారు పోగు మీది మడత అయితే ముడతలు పడేది, ఇది సాగి గుండ్రంగా తిరిగింది. 24 గళ్ళు అట్లా, మిగతా 24 గళ్ళలో రెక్కలు వదిలేసినవే.

ఆమె ఇంకోటి కూడా అడిగింది, తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ బట్టల మీద ఉన్నట్టు పంకా మధ్యలో అద్దం పెట్టమని. ఒప్పుకోలేదు నేను. అద్దం గానీ గుండీ గానీ పూస గానీ ఏడాది పిల్ల నోటికి పోతుంది, గొంతుకు అడ్డం పడుతుంది. మధ్యలో లావు నూలు దారంతో ముడి వేసి కొనలు లోపలికి దూర్చేసినా, లాగడానికి దొరకవు. ఏడాది నిండకముందు నిద్రపోయే పిల్ల పక్కలో ఏ బొంతా పెట్టొద్దని డాక్టర్లు చెప్తారు, ఆమెకు కూడా చెప్పినా. పుట్టినరోజు దాటినాక, అది కూడా ముందు నేల మీద పరిచి ఆడించుకోడానికి. ఇంకా ఒక మాట, ఈ రెక్క అంటే చిన్న జేబు. మన ఇళ్ళల్లో బుడ్డలు (వేరుశనక్కాయలు) వలుచుకుంటా కూర్చుంటాం, ఒక పప్పు అందులో దూరితే ఎవరికీ కనపడదు, పాపకు మాత్రం దొరుకుతుంది. పిల్లకు ఇచ్చేముందు బొంత తిరగేసి దులపాలి, ప్రతిసారీ.

ఉతకడం చేత్తోనే, బండ మీద కొట్టకుండా, మెత్తటి సబ్బు నీళ్ళల్లో. నీడలో పరిచి ఆరేసి, ఇస్త్రీ వెనక వైపు నుంచే, ముందు వైపు కింద మందం తువ్వాలు వేసి, లేకపోతే రెక్కలు అణిగిపోతాయి. మేం మొదటిసారి ఉతికి మిద్దె మీద తాడుకు వేసినప్పుడు గాలికి రెక్కలన్నీ ఒకేసారి లేచినాయి, పెద్దమ్మకు ఫోన్ చేసి వీడియోలో చూపించినా. "లేస్తాండాయి మా, లేస్తాండాయి" అని ఆమె అటు వైపు నుంచి.

ఐదు నెలలకు బొంత మళ్ళీ నా దగ్గరికి వచ్చింది, పూరేకుల్లో మూడు కుట్లు ఊడినాయని. చూస్తే వదిలేసిన రెక్కల్లో ఒక్కటి కూడా పోగు రాలేదు, మడత అంచు కదా, పోగు రావడానికి అక్కడ కత్తిరించిందే లేదు. ఊడింది పూరేకులే, పాప లాగిన చోట. రెండు కుట్లకు బదులు నాలుగు వేసి, దారం రెండు పేటలు చేసి పంపినా.

ఇప్పుడు పెద్దమ్మ తన రెండో కూతురి బిడ్డకు ఇంకోటి చెప్పింది, గళ్ళు పెద్దవి కావాలంట. గడి 8 అంగుళాలు పెట్టుకున్నా, కింది చదరం 4½, రెక్క చదరం 4⅝, అడ్డం 5, నిలువు 6, మొత్తం 30 గళ్ళు, 120 రెక్కలు. బేసి వరస వచ్చింది కాబట్టి రంగులు సమంగా రావు, రెండు రంగులు తొమ్మిదేసి గళ్ళు, రెండు ఆరేసి, గుడ్డ ఆ లెక్కనే తీసుకున్నా. రెక్క పెద్దదైతే మధ్యలో వేలాడుతుందేమో అని ఒక గడి కుట్టి, మూడుసార్లు ఉతికి, మిద్దె మీద తాడుకు వేసినా. కొంచెం వేలాడుతుంది. గంజి ఇంకొంచెం చిక్కగా పెట్టి రెండో గడి కుట్టినా, అది కూడా ఉతికి ఆరేసినా, రేపు పొద్దున చూసినాక మిగతా గుడ్డకు కత్తెర పెడతా.